లాండ్రీలో కాపురముంటున్న ఇరవై ఇద్దరు

మార్చి 2

ఈ డైరీ ఇవాళే మొదలుపెట్టాలి. నా నోట్లో మాట దాగదు, నాకు దొరికిందేమో మాట దాచాల్సిన ఉద్యోగం. లోపలున్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే మళ్లీ ఇంట్లో వాగుతాను. ఒక్కసారి వాగినదానికే మా వీధంతా ఊగిపోతోంది.

క్యాన్సర్ రిజిస్ట్రీలో చేరి నెల దాటింది. ఊళ్లో ఏ ఆసుపత్రిలో ఎవరికి ఆ జబ్బు తేలినా ఒక కాగితం మా ఆఫీసుకు వస్తుంది. వయసెంత, ఆడా మగా, ఒంట్లో ఏ భాగం, ఉండేది ఏ వార్డు, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఏ వార్డులో లక్షమందికి ఎంతమందికి వస్తోందో తేల్చడం నా పక్క కుర్చీ ఆయన పని. టీలో చక్కెర ఎంత వేయాలో కూడా "ఒకటీ పాయింట్ రెండు అయిదు చెంచాలు" అనే మనిషి. అందుకని దశాంశం అని పేరు పెట్టాను. ఈ డైరీలో మాత్రమే.

ఈ ఉద్యోగం వచ్చిన ఉత్తరం సంగతి కూడా రాసుకోవాలి. అది అమ్మ పనిచేసే లాండ్రీకి వచ్చింది. మా ఇళ్లకు నంబర్లు లేవు, పోస్ట్‌మన్ నీళ్ల ట్యాంకు దాటి లోపలికి రాడు, మా వీధిలో ఎవరికి ఏం వచ్చినా లాండ్రీకే. వాచ్‌మన్ మామ కవరు చించి, ఇస్త్రీ హాలు మధ్యలో నిలబడి పెద్దగా చదివేశాడట. నాకు కబురందేసరికి, మొదటిరోజు నేను ఏ రంగు బట్టలు వేసుకోవాలన్నదాని మీద అక్కడ రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. అందుకని నా ఉత్తరం అందరిదీ.

ఇక నేను వాగిన మాట. మొన్న అన్నం తింటూ అమ్మతో గొప్పగా అన్నాను, "ఊరు మొత్తం మీద క్యాన్సర్ మన వార్డులోనే తక్కువ తెలుసా? నోటి క్యాన్సరైతే అయిదేళ్లలో సున్నా." పేరు చెప్పలేదు, లెక్క చెప్పానంతే. తెల్లారేసరికి వీధి కుళాయి దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు దారిచ్చారు. ఆ సున్నా నేనే తెచ్చిపెట్టినట్టు.

మార్చి 3

అమ్మ కూరలో కారం వద్దంది. ఎండలు ముదురుతున్నాయి కదా.

మార్చి 5

ఇవాళ ఆఫీసులో పెద్ద మేడమ్ మీటింగ్ పెట్టారు. ఆవిడే మా రిజిస్ట్రీకి డాక్టరు, మా అందరికీ పై అధికారి. నవ్వితే ఒక పక్కే నవ్వుతారు, రెండో పక్క సాక్ష్యం కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది.

పరీక్షల బస్సు వస్తోందట. లోపల డాక్టరు, కుర్చీ, లైటు, అన్నీ ఉంటాయి. జబ్బు ఎక్కువగా ఉన్న వార్డులకు ముందు వెళ్తుంది. అవి ఏయే వార్డులన్నది నెలాఖరుకి తేల్చాలి.

దశాంశం గోడ మీద పటం వేసి చూపించాడు. కొండ వార్డు ఎర్రగా ఉంది, రొమ్ము క్యాన్సర్. అక్కడంతా రిటైరైన పెద్ద ఉద్యోగులు. నేను చెయ్యెత్తి అడిగాను, "సార్, అక్కడ వయసైనవాళ్లు ఎక్కువ. వయసు పెరిగితే ఈ జబ్బు ఎలాగూ పెరుగుతుంది కదా. ఆ తేడా తీసేసి చూశారా?"

"తీసేశాను. తీసేసినా కొంత మిగిలింది" అన్నాడు.

మిగిలినదానికి కారణాలు మేడమ్ చెప్పారు. ఆ ఆడవాళ్లు ఆలస్యంగా, ఒకరినో ఇద్దరినో కంటారు. పాలిచ్చే కాలం తక్కువ. పైగా ఏటా పరీక్ష చేయించుకుంటారు, వెతికినచోట దొరుకుతుంది. జబ్బు ఎంతుందనేది ఒకటి, ఎంత దొరికిందనేది ఇంకొకటి అన్నారు. ఆ మాట రాసుకున్నాను.

అసలు చిక్కు మార్కెట్ వార్డు. అక్కడ దుకాణాలు, గోదాములే గానీ ఇళ్లు తక్కువ. ఆ కాసినిమందిలో నోటి క్యాన్సర్ ఆకాశాన్నంటింది, అదీ ఆడవాళ్లలో. నీళ్లలో ఏదో ఉందేమోనని దశాంశం అనుమానం. కిందటి వారం సీసాలు పట్టుకుని మార్కెట్ కుళాయిలన్నీ తిరిగొచ్చాడు. చేపల షాపు వాడు శానిటరీ ఇన్‌స్పెక్టరనుకుని గల్లాపెట్టె వదిలి పారిపోయాడట.

మా ట్యాంకు వార్డు పటంలో తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. బస్సు రాదు. గర్వపడ్డాను కూడా.

మార్చి 6

బస్సు సంగతి అమ్మకు చెప్పాను. ఇది రహస్యం కాదు, పేపర్లో కూడా వేస్తారు.

"మనకు రాదా?"

"మనకు అవసరం లేదమ్మా. లక్షమందిలో ఎంతమందికి వచ్చిందన్నది లెక్క."

"మన వీధుల్లో లక్షమంది ఎక్కడున్నారే? అందరినీ పిల్లాజెల్లాతో కలిపినా మూడు వేలుండరు."

"ఉన్నట్టు అనుకుని లెక్కేస్తారు."

"లేనివాళ్లని ఉన్నట్టు లెక్కేస్తారా? ఇందుకా నిన్ను అన్నేళ్లు చదివించింది?"

పక్కింటి గుండీల పిన్ని పడీ పడీ నవ్వింది. లాండ్రీలో ఊడిన గుండీలు కుట్టేది ఆవిడే, అందుకని ఆ పేరు. నవ్వుతూనే బుగ్గలో పొగాకు ఆ పక్క నుంచి ఈ పక్కకి మార్చుకుంది. అమ్మ కూడా. మా వీధిలో ఇస్త్రీ రోలరు మీద పనిచేసే ప్రతి మనిషికీ ఆ అలవాటుంది. రోలరు ఆగదు, మధ్యలో తిండికి వదలరు. దుప్పటి ఈ చివర నుంచి ఆ చివరకి పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. బుగ్గలో చిటికెడు నొక్కుకుంటే ఆకలి తెలియదు. చిన్నప్పుడు నేను అమ్మ ముద్దు పెట్టుకుంటే ఆ వాసనకి ముక్కు మూసుకునేదాన్ని.

మూలింటి అక్క ఇల్లు ఖాళీగా ఉంది, ఎవరికైనా చెప్పమంది పిన్ని. ఆవిడ నిరుడు పన్ను పీకించుకుని, పుట్టింటికెళ్లి, అక్కడే పోయింది. పన్నుకి ఎవరైనా పోతారా అని నేనంటే, "దాని రాత" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మార్చి 8

అమ్మ ఇవాళ కూడా చప్పగానే తింది. అదీ ఒక పక్కనే నములుతూ. పన్నేమో.

మార్చి 9

పన్నే అయ్యుంటుంది.

మార్చి 10

ఇవాళంతా నోటి కేసులే ఎక్కించాను. బుగ్గ లోపలి వైపు. తెల్ల మచ్చ. కారం తగిలితే మంట. ఒక పక్కనే నమలడం. పొగాకు, పదిహేనేళ్లుగా. ఆరో కాగితం దగ్గర చేతులు ఆగిపోయాయి. కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను.

"ఏమ్మా, జ్వరమా? ఎంతుంది?" అన్నాడు దశాంశం. ఉంటే అంకె చెప్పేదాన్ని.

ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, నోరు తెరువు" అన్నాను.

"ఎందుకే? నువ్వేం పెడతావేంటి?"

"తెరువు."

తెరిచింది. ఫోన్ లైటు వేసి చూశాను. ఎడమ బుగ్గ లోపల, పొగాకు పెట్టుకునే చోటే, గోడకు సున్నం పెచ్చు అంటినట్టు తెల్లగా ఉంది. మధ్యలో ఎర్రగా.

"ఎన్నాళ్లుగా?"

"ఏంటి ఎన్నాళ్లుగా?"

"అమ్మా!"

"పోయిన ఎండాకాలం నుంచి. అబ్బో, పెద్ద డాక్టరమ్మ. లైటు తీయ్, కళ్లల్లో పడుతోంది."

"రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం."

"నేను రాను."

"ఎందుకు రావు?"

అప్పుడంది చూడండి, నన్ను చంపడానికి. "వీధి మొత్తంలో ఒక్కళ్లకీ లేదన్నావు. సున్నా అన్నావు. ఇప్పుడు నేను పోయి మొదటిదాన్నవ్వాలా? రేపు కుళాయి దగ్గర నా మొహం ఎలా చూపించుకోను? వీళ్లింట్లో మాత్రమే వచ్చిందంటే ఏమనుకుంటారు? ఏ పాపం చేసిందో అనుకోరూ?"

"జబ్బుకి పాపమేంటి?"

"నువ్వే అన్నావు, లెక్క తప్పదని. లెక్కలో నేను లేను. నాకేం లేదు."

నా అంకెతో నా నోరే మూసేసింది.

మార్చి 11

నాన్నను పంపాను. నాన్న లాండ్రీ వ్యాను తోలతాడు, ఇంట్లో బ్రేకు మాత్రమే వేస్తాడు. "ఒకసారి చూపించుకోరాదూ?" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసింది. "నీ ఇష్టంలే" అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లాడు. పంపింది నేను కాబట్టి తప్పు నాదే.

మార్చి 12

అమ్మ ఒప్పుకోలేదు.

మార్చి 13

రాయాల్సింది చాలా ఉంది. మెల్లగా, వరసగా రాస్తాను.

గుండీల పిన్నికి మోకాలు నొప్పి. సెలవు పెట్టి నేను తీసుకెళ్లాను. పిన్నిని చూసైనా అమ్మ కదులుతుందని నా ఆశ. ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా అడిగాడు.

"పేరు? వయసు?"

పిన్ని పేరు చెప్పింది. వయసు నలభై అంది. "పిన్నీ" అన్నాను. నలభై ఎనిమిది అంది. "పిన్నీ!" అన్నాను. "రాసుకో నాయనా, యాభై నాలుగు. ఈ పిల్ల ముందు ఆడదానికి పరువు లేదు."

"ఎక్కడుంటారు?"

పిన్ని ఊపిరి కూడా తీసుకోకుండా లాండ్రీ చిరునామా అప్పజెప్పింది. పన్నెండో నంబరు, మార్కెట్ రోడ్డు, రెండో అంతస్తు. ఇంటి చిరునామా చెప్పడానికి కాసేపు తడుముకునేవాళ్లను చూశాను గానీ, ఇంత ధాటిగా అబద్ధం చెప్పేవాళ్లను చూడలేదు. ఆవిడకది అబద్ధమని తెలియదు.

"పిన్నీ, అది లాండ్రీ కదా?"

"మరి? రిపోర్టు ట్యాంకు వెనక్కి పంపిస్తే నీళ్లలో ఈదుకుంటూ వస్తుందా? అందరం అదే చెబుతాం. నీ బడిలో కూడా మీ అమ్మ అదే రాయించింది."

కౌంటరు దగ్గరే నిలబడి లెక్క వేసుకున్నాను. నా ఉద్యోగం ఉత్తరం ఎక్కడికొచ్చింది? లాండ్రీకి. లాండ్రీ ఏ వార్డులో ఉంది? మార్కెట్ వార్డులో. ఆ కేసులన్నీ ఎక్కించింది ఎవరు? నేను, నాకు ముందు నా కుర్చీలో కూర్చున్నవాళ్లు. ఎక్కడుంటారంటే వాళ్లు చెప్పినచోటు రాస్తాం. వాళ్లు ఉండే చోటు ఎవరూ అడగలేదు.

పిన్ని మోకాలికి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నాకేమీ ఇవ్వలేదు.

మార్చి 14

ఆఫీసు తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. మార్కెట్ వార్డు నోటి కేసుల్లో, ఆడవాళ్లు, అయిదేళ్లలో ముప్ఫై ఒక్కమంది. అందులో పన్నెండో నంబరు వాళ్లు ఇరవై ఇద్దరు.

దశాంశాన్ని పిలిచాను. "సార్, ఈ భవనంలో ఇరవై ఇద్దరు కాపురముంటున్నారట."

"అయితే నీళ్లు అక్కడివి పట్టాలి! నేను ఆ కుళాయి వదిలేశాను."

"సార్, అది మా అమ్మ పనిచేసే లాండ్రీ, నేను అందులో తిరుగుతూ పెరిగాను. కింద బాయిలర్, పైన రోలర్లు, ఆపైన ఆరేసిన దుప్పట్లు. అక్కడ ఒక్క మంచం లేదు. నీళ్లు మంచివే. వాళ్లందరూ ట్యాంకు వార్డు వాళ్లు."

ఆయన నా చేతిలోంచి మౌస్ తీసుకుని, మా ట్యాంకు వార్డుకి ఆ ఇరవై ఇద్దరినీ కలిపి, వయసు తేడా తీసి, మళ్లీ లెక్క కట్టాడు. మార్కెట్ ఎరుపు దిగిపోయింది. మా మల్లెపువ్వు ఒక్క నొక్కుతో మిరపపండయింది. మొట్టమొదటిసారి ఆయన దశాంశాలు చెప్పలేదు. "చాలా ఎక్కువ" అన్నాడంతే.

పెద్ద మేడమ్ విన్నారు. వెంటనే నమ్మలేదు, అది ఆవిడ పద్ధతి. "ఒక్కొక్కరి ఇంటికి మన మనిషిని పంపి సరిచూడాలి. అది నా పని. నువ్వు వెళ్లడానికి వీల్లేదు, నీకు తెలిసినవాళ్లుంటారు." ఆ తర్వాత అడిగారు, "ఇంకేమన్నా చెప్పాలా?"

"మా అమ్మకు బుగ్గలో మచ్చ ఉంది మేడమ్. రానంటోంది. సున్నా అని చెప్పింది నేనే."

ఆవిడ రెండు పక్కలా మొహం ఒకలాగే పెట్టి, "మీ అమ్మకు అంకె చెప్పు. పేరు చెప్పకు" అన్నారు.

మార్చి 15

ఎలా చెప్పాలి? సున్నాని ఇరవై రెండు చేయడం కంప్యూటర్లో చిటికెలో పని.

మార్చి 16

చెప్పేశాను. అమ్మ దుప్పటి మడతపెడుతోంది. ఇంట్లో కూడా లాండ్రీ మడతే, అంచుకి అంచు.

"అమ్మా, నేను చెప్పిన లెక్క తప్పు. మనవాళ్లు ఇరవై ఇద్దరున్నారు. అందరూ లాండ్రీ అడ్రస్ ఇచ్చారు, అందుకని మన వార్డులో కనపడలేదు."

మడత ఆగింది.

"ఇరవై ఇద్దరా?"

"ఊఁ."

"ఎవరెవరు?"

"చెప్పకూడదు."

"మూలింటి అక్క?"

నేను గోడ మీద బల్లికేసి చూశాను.

"బాయిలర్ దగ్గర చేసేది, గొంతు పోయిందని మానేసింది, అదా? పైనింటి ముసలమ్మా? అల్సరని చెప్పిందే, ఆవిడా?"

బల్లి కదిలినా నేను కదల్లేదు. అమ్మకు అక్షరం ముక్క రాదు గానీ నా మెడ చూసి చదివేస్తుంది. ఒక్కొక్క వేలూ ముడిచింది. రెండు చేతులూ అయ్యాక ఆపేసింది. పన్ను అని ఒకరు, అల్సరని ఒకరు, దిష్టి అని ఒకరు. అందరూ పక్కపక్కనే నిలబడి దుప్పట్లు పట్టుకున్నవాళ్లు, ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు దాచుకున్నారు.

దుప్పటి మళ్లీ చేతిలోకి తీసుకుని అమ్మ అడిగింది. "అయితే నేను మొదటిదాన్ని కాదన్నమాట."

"కాదమ్మా."

"ఖాయమేనా? మళ్లీ రేపొచ్చి లెక్క మారిందంటావా?"

"అనను."

"సరే, ఎల్లుండి నాకు సెలవు. వెళ్దాం."

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియక ఎక్కిళ్లొచ్చాయి. "నీళ్లు తాగు" అంది అమ్మ, దుప్పటి నాలుగో మడత పెడుతూ.

మార్చి 17

రేపే.

మార్చి 18

అదే కౌంటరు, అదే కుర్రాడు.

"ఎక్కడుంటారు?"

అమ్మ నోరు తెరిచింది. "పన్నెండో నంబ..." అని నాకేసి చూసింది. గొంతు సవరించుకుంది. "రాసుకో బాబూ. నీళ్ల ట్యాంకు వెనక వీధి. నీలం తలుపు."

"డోర్ నంబర్ చెప్పమ్మా."

"నంబర్ లేదు."

"నంబర్ లేకుండా ఎలాగమ్మా?"

"మేం అలాగే ఉంటున్నాం కదా."

వెనక క్యూలో ఎవరో నవ్వారు. కుర్రాడు తలెత్తి చూసి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు.

లోపల డాక్టరు అద్దంతో చూసి, మత్తిచ్చి, చిన్న ముక్క తీశారు. పరీక్షకి పంపుతారు. రిపోర్టు ఇరవై ఎనిమిదికి. ఇది మామూలు మచ్చ కావచ్చు, క్యాన్సర్‌గా మారబోతున్నది కావచ్చు, మారిపోయింది కావచ్చు, ముక్క చూడకుండా ఏదీ చెప్పలేనన్నారు. ఏదైనా సరే పొగాకు ఇవాళ్టితో బంద్ అన్నారు. మారిపోయినా ఇంత చిన్నగా ఉండగా వచ్చినవాళ్లకు చేయగలిగింది చాలా ఉంటుందట. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

తిరిగొచ్చే సిటీ బస్సులో అమ్మ బుగ్గలో దూది పెట్టుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి నేనొక్కదాన్నే మాట్లాడాను, దిగేదాకా. ఏం మాట్లాడానో గుర్తులేదు.

మార్చి 20

అమ్మ పొగాకు డబ్బాలో ఇప్పుడు లవంగాలున్నాయి. రోలరు దగ్గర అందరికీ పంచిందట. గుండీల పిన్ని ఉమ్మేసి, "ఇదేం పొగాకే, పెళ్లి భోజనంలా ఉంది" అందట. కానీ రెండోది అడిగిందట.

అమ్మ ఇంకో మాట కూడా అంది. "రిపోర్టు వచ్చాక అదొక్కటే నాకు చెప్పకు. బస్సు వస్తుందో రాదో అదీ కనుక్కుని రెండూ కలిపి చెప్పు."

"అదెందుకు?"

"నాది మంచి కబురైతే, నేను తప్పించుకున్నానని ఇంట్లో కూర్చోలేను. చెడ్డదైతే, మిగతావాళ్లను పరీక్షకి పిలవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదే. ఉత్త చేతులతో ఎలా పిలవను?"

మార్చి 22

మా మనిషి ఇరవై రెండు ఇళ్లూ సరిచూసి వచ్చాడు. ఒక్కటి తప్ప అన్నీ మావే. తొమ్మిది ఇళ్లలో మనిషి లేదు, ఫొటో ఉంది. మేడమ్ నన్ను పిలిచి, బస్సు ఎక్కడికి వెళ్లాలో తేల్చే కమిటీకి అంకెలు తాను ఇస్తానని, మిగతాది నన్ను నా పేరుతో రాసిమ్మని అన్నారు. ఉత్తరం ముందు ఇక్కడ రాసుకుంటున్నాను, రేపు శుభ్రంగా ఎత్తి రాస్తాను.

గౌరవనీయులైన డాక్టరు గారికి,

మా ట్యాంకు వార్డులో జబ్బు లేదని పటంలో తెల్లరంగు వేశారు. జబ్బు ఉంది, చిరునామా లేదు. మా ఆడవాళ్లు పొగాకు పెట్టుకునేది సరదాకి కాదు, రోలరు ఆగదు కాబట్టి. వాళ్లు వేళకి ఆసుపత్రికి రారు, మొదటి మనిషిగా ఉండటానికి సిగ్గు కాబట్టి. బస్సు వీధిలోకి వస్తే ఎవరూ మొదటి మనిషి కారు, అందరూ ఒకేసారి వస్తారు. వరసలో ముందు నిలబడే మనిషి మా ఇంట్లో ఉంది.

బస్సు ట్యాంకు పక్క సందులో పట్టదేమోనన్న అనుమానం వద్దు. మా నాన్న లాండ్రీ వ్యాను రోజూ ఆ సందులో తిప్పుతాడు. వెనక్కి తిప్పడం కూడా ఆయనే చూపిస్తాడు, మాట్లాడడు గానీ.

తమ జవాబు ఇరవై ఎనిమిదో తేదీలోగా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజు మా ఇంటికి ఇంకొక జవాబు కూడా రావాల్సి ఉంది. మా అమ్మ రెండూ కలిపి వింటానంది.

జవాబు పంపవలసిన చోటు: నీళ్ల ట్యాంకు వెనక వీధి, నీలం తలుపు. దయచేసి లాండ్రీకి పంపవద్దు. అక్కడ మేమెవరమూ ఉండటం లేదు.